నెమలి రెక్కలు కత్తిరించాలా? నేను సగం చెప్పి ఊరుకున్న ఒక కేసు

గోదావరి డెల్టాలో పదిహేనేళ్ళ పైనుంచి పశువైద్యం చేస్తున్నాను. గేదెలు, ఆవులు, సంక్రాంతి ముందు పుంజులు, మధ్యలో ఎవరివో టర్కీలు, గిన్నీ కోళ్ళు. నెమలి కేసు మాత్రం ఒక్కటే చూశాను, అందులోనే తప్పు చేశాను. ఆ కుటుంబానికి ఇబ్బంది రాకూడదని ఊరి పేరు, ఏ ఏడాది అన్నదీ రాయడం లేదు, ఒకటి రెండు చిన్న సంగతులు కావాలనే మార్చాను.

నేపథ్యం

ఒక లంక గ్రామం. కొబ్బరి తోట, అందులో అంతరపంటగా కోకో, కాస్త వరి చేను. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు బడి పిల్లలు, ఆయన తల్లి. ఆయన బావమరిదికి మెట్ట ప్రాంతంలో జీడిమామిడి తోట ఉంది. ఓ ఆగస్టులో కలుపు కొట్టిస్తుంటే చెట్టు మొదట్లో ఐదు గుడ్లు కనపడ్డాయి, తల్లి నెమలి అప్పటికే ఎగిరిపోయింది. వదిలేస్తే కుక్కలు తినేస్తాయని గుడ్డసంచిలో ఊక పోసి, మోటారు సైకిలు మీద లంకకు తెచ్చి బావ చేతిలో పెట్టాడు. ఇంట్లో పొదుగుకు కూర్చున్న నాటు కోడి ఒకటి ఉంటే దాని కింద పెట్టారు. కోడిగుడ్డుకు 21 రోజులు, నెమలి గుడ్డుకు 28 రోజులు. ఆ కోడి ఓర్పుకు దణ్ణం పెట్టాలి, అదనపు వారం కూడా లేవకుండా కూర్చుంది. మూడు పిల్లలు వచ్చాయి. ఒకటి వారంలో, ఇంకొకటి రెండో నెలలో పోయాయి, మిగిలింది మగది. పేరు చిన్నోడు.

పెద్దావిడకు అది సుబ్రహ్మణ్యేశ్వర స్వామి వాహనం, ఆయనే ఇంటికి పంపాడని నమ్మకం. పిల్లలకు ఆటవస్తువు. చేతిలో వేరుశనగ గుళ్ళు పెడితే వచ్చి తినేది, వంటింటి గడప దాటి లోపలికి వచ్చేది. ఎవరూ దాన్ని దొంగతనంగా దాచలేదు. ఊళ్ళో అందరికీ తెలుసు, పండక్కి వచ్చిన చుట్టాలు ఫోటోలు దిగేవారు. నేరం అనే మాట ఎవరి నోటా రాలేదు, నా నోటా రాలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

నన్ను పిలిచిన కారణం

మరుసటి జూన్. కాలువలు వదిలారు, ఊరంతా నారుమళ్ళు పోస్తున్నారు. చిన్నోడికి తొమ్మిది నెలలు, మెడ మీద నీలం బాగా తేలింది, పింఛం ఇంకా లేదు (దానికి రెండు మూడేళ్ళు పడుతుంది), ఎగరడం మాత్రం పూర్తిగా వచ్చేసింది. పొద్దున్నే పక్కింటి వాళ్ళ నారుమడిలో దిగి మొలక విత్తనం ఏరుకు తినడం, మధ్యాహ్నం వాళ్ళ బంగాళా పెంకుల మీద నడిచి రెండు పెంకులు జార్చడం, సాయంత్రం ఎవరి మోటారు సైకిలు అద్దంలోనో తన బొమ్మ చూసుకుని వేరే మగ నెమలి అనుకుని పొడిచిపొడిచి పగలగొట్టడం. రాత్రి కాలువగట్టు మీద నిద్రగన్నేరు చెట్టెక్కి పడుకునేది, తెల్లవారకముందే అరుపు. పక్కింటాయన నెలరోజులు ఓర్చుకుని, చివరికి ‘నీ నెమలినైనా కట్టేసుకో, నా నారుకైనా డబ్బు కట్టు’ అన్నాడు.

నాకు ఫోన్ వచ్చింది. ‘డాక్టరు గారూ, మీరు గిన్నీ కోళ్ళకి రెక్కలు కత్తిరించారు కదండీ, మా నెమలికి కూడా ఓసారి వచ్చి కత్తిరించేయండి, ఎగరకుండా ఉంటే చాలండి, ఆయ్.’

వెళ్ళాను. అప్పుడు నా బుర్రలో ఏం తిరిగిందో దాచకుండా చెబుతాను. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని పట్టినా, పెంచినా, గుడ్లు తీసినా నేరమే, రుజువైతే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. ఇదంతా నాకు తెలుసు. కానీ మంచి మనుషులు, పదేళ్ళుగా వాళ్ళ గేదెలకు నేనే చూస్తున్నాను, పెద్దావిడ మజ్జిగ తెచ్చి ఇస్తోంది. ఆ మజ్జిగ తాగుతూ ‘అమ్మా, మీరు చేస్తున్నది నేరం’ అనడానికి నోరు రాలేదు.

అందుకని వైద్యం వైపు నుంచి మాత్రమే వద్దన్నాను. అందులో అబద్ధం లేదు. నెమలి రెక్కకు పెద్ద ఎగిరే ఈకలు పది ఉంటాయి, వాటిలో కొన్నిటిని కత్తిరిస్తే గాలి పట్టు పోతుంది. కానీ బరువైన పక్షి, కాళ్ళలో బలం ఎక్కువ, రెక్కలు కత్తిరించినా ఐదారడుగుల గోడ ఎగిరి దూకేయగలదు. అంటే పక్కింటి నారుమడికి వెళ్ళడం ఆగదు, చెట్టెక్కడం మాత్రం ఆగుతుంది. చెట్టే దాని ఇల్లు, కుక్క నుంచి కాపాడేది అదే. ఒక్క రెక్కే కత్తిరిస్తే ఇంకా ఘోరం, ఎగరబోయి పక్కకు ఒరిగి రొమ్ము ఎముక నేలకు తగిలేలా పడుతుంది. గిన్నీ కోడికి కత్తిరించానంటే దాన్ని రాత్రి గూట్లో మూసేస్తారు కాబట్టి. నెమలిని గూట్లో మూయడం అంత సులువు కాదు. ఇదీ నేను చెప్పింది. చివర్లో ‘ఇప్పుడు వద్దులెండి, ముందు వేరేవి చేసి చూద్దాం’ అన్నాను.

ఆ ‘ఇప్పుడు’ అనే మాటతోనే కేసు చెడింది. నేను వద్దన్నాననుకున్నాను. వాళ్ళకు వినపడింది మాత్రం ‘తర్వాత చేద్దాం’ అని.

చేసి చూసినవి

మొదట పాత కోళ్ళ గూడు. ఎత్తు నాలుగడుగులు. రాత్రి అందులో మూస్తే పైకి ఎగిరి నెత్తి కొట్టుకుని, తలమీది తురాయి సగం విరిగి, నెత్తిన తోలు లేచింది. రెండు రాత్రులకే మానేయమన్నాను. ఇంకో భయం కూడా ఉంది. కోళ్ళ కడుపులో ఉండే చిన్న పురుగు గుడ్ల ద్వారా ఒక క్రిమి వస్తుంది, కోడికి పెద్దగా ఏమీ చేయదు, టర్కీలకూ నెమళ్ళకూ కాలేయం పాడుచేసి చంపేస్తుంది, రెట్ట గంధకంలా పచ్చగా పడుతుంది. రెండు నెలలకు పోయిన పిల్లకి అదే వచ్చి ఉండొచ్చని నాకు అనుమానం, కోసి చూడలేదు కాబట్టి గట్టిగా అనలేను. కోళ్ళు ఏళ్ళ తరబడి రెట్ట వేసిన గూట్లో నెమలిని పెట్టమనడం నాకూ తప్పే అనిపించింది.

తర్వాత వల. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కట్టే నెట్టు మా వైపు ఎక్కడైనా దొరుకుతుంది. పెరటి మీద కట్టారు. మూడో రోజు కాలి గోరు ఇరుక్కుని తలకిందులుగా వేలాడింది, పిల్లాడు చూసి కేక పెట్టాడు కాబట్టి బతికింది.

మూడోది కొంచెం పనిచేసింది. మేత పగలు మానేసి, చీకటి పడే ముందు ఒక్కపూటే వసారాలో వేయడం, అక్కడే ఏడడుగుల ఎత్తున అడ్డంగా ఓ వాసం కట్టడం. నెమలి సాయంత్రం ఎక్కడ కడుపు నిండితే అక్కడే ఎత్తైన చోటు వెతుక్కుంటుంది. వారం రోజుల్లో నిద్రగన్నేరు వదిలి వాసం ఎక్కడం మొదలెట్టింది. రాత్రి అరుపు గోల తగ్గింది. కానీ పగలు మేత తగ్గించేసరికి పక్కింటి నారుమడికి ఇంకో గంట ముందే వెళ్ళసాగింది. ఒక చోట మూసిన నీళ్ళు ఇంకో చోట గండి కొట్టినట్టు.

చెడిపోయిన రాత్రి

జులై మూడో వారం. గోదావరి పోటు మీద ఉంది, లంకకు పడవ తప్ప దారి లేదు. రాత్రి పదింటికి ఫోన్. ఇంటాయన గొంతు వణుకుతోంది. ఆ మధ్యాహ్నం పక్కింటాయనతో పెద్ద గొడవ అయ్యిందట, ఆ కోపంలో బట్టలు కత్తిరించే కత్తెర తీసుకుని కుడిరెక్క ఒక్కటే కత్తిరించేశాడు. ఏడు ఈకలు. రెండింటి నుంచి రక్తం ఆగలేదు. పసుపు అద్దారు, ఆగినట్టే ఆగింది. చీకటి పడ్డాక పక్షి వాసం ఎక్కబోయి ఎక్కలేక పడింది, మళ్ళీ ఎగిరి మళ్ళీ పడింది, చివరికి గడ్డిమేటు పక్కన నేల మీద ముడుచుకుంది. అక్కడికి కుక్క వచ్చింది. నోటికి తోక ఈకలు గుప్పెడు వచ్చాయి. భయపడితే ఈకలు వదిలేసే గుణం కొన్ని పక్షులకుంటుంది, ఆ రాత్రి చిన్నోడి ప్రాణం నిలిపింది అదే. వీపు మీద రెండు పళ్ళ గాట్లు మాత్రం పడ్డాయి.

రాత్రి పడవ నడవదు. ఫోన్లోనే చెప్పాను: గోనె సంచి కప్పి చీకటి గదిలో పెట్టండి, రక్తం కారే ఈక మొదట్లో బియ్యప్పిండి పెట్టి రెండు వేళ్ళతో ఐదు నిమిషాలు నొక్కి పట్టుకోండి, మధ్యలో వదిలి చూడొద్దు. ఇంట్లో గేదెల కోసం ఎప్పటిదో నొప్పి ఇంజెక్షన్ ఉంది, వేసేదా అన్నాడు. డైక్లోఫెనాక్. గట్టిగా వద్దన్నాను. పశువులకు వాడిన ఆ మందు కళేబరాల ద్వారా మన రాబందుల్ని దాదాపు తుడిచిపెట్టింది, 2006లోనే పశువైద్యానికి నిషేధించారు, అయినా పల్లెల్లో అలమార్ల వెనక ఇంకా దొరుకుతూనే ఉంటుంది.

తెల్లవారి మొదటి పడవకు వెళ్ళాను. తలకు మెత్తటి గుడ్డ చుట్టి, పిల్లాడి చేత కాళ్ళు రెండూ పట్టించి, రెక్క విప్పాను. అప్పుడు కనపడింది అసలు విషయం. కత్తిరించిన ఏడింటిలో ఐదు ముదిరిన ఈకలు, పుల్ల తెల్లగా, లోపల బోలు, మన గోరు కత్తిరించినట్టే, నొప్పి ఉండదు. మిగతా రెండూ అప్పుడే పెరుగుతున్నవి, పుల్ల ముదురు నీలంగా, లోపలంతా రక్తం. ఏడాది లోపు పక్షికి పాత ఈక పోయి కొత్తది రావడం జరుగుతూనే ఉంటుంది, ఏ నెల చూసినా ఏదో ఒకటి రక్తపు ఈకే. దాన్ని కత్తిరిస్తే మొక్కజొన్న కాండాన్ని కోసినట్టు కాదు, బోరు గొట్టం కోసినట్టు.

ఇక్కడ రెండు దారులు. అలాగే కట్టు కట్టి వదలడమా, ఆ రెండు పుల్లల్నీ పీకేయడమా. పీకితే నొప్పి ఉంటుంది, ఈక మొలిచే గుంట దెబ్బతింటే మళ్ళీ రాకపోవచ్చు. వదిలేస్తే రెక్క ఆడించినప్పుడల్లా రక్తం మొదలవుతుంది. ఇంకో సంగతి కూడా లెక్కలో పెట్టాను. కత్తిరించిన మొండి పుల్ల తర్వాత ఈకలు రాలే కాలం దాకా అలాగే ఉంటుంది, పీకిన చోట మాత్రం కొత్త ఈక వెంటనే మొదలవుతుంది. పీకడమే మేలు అనుకున్నాను. ఎడమచేత్తో రెక్క ఎముక కదలకుండా పట్టి, ఆర్టరీ ఫోర్సెప్స్‌తో పుల్లను మొదట్లో పట్టుకుని పెరిగే దిక్కుకే ఒక్క లాగు. రక్తం నిమిషంలో ఆగింది. మిగతా ఐదు మొండి పుల్లల్ని ముట్టుకోలేదు. అన్నీ పీకేస్తే తొందరగా ఎగురుతుంది కదా అన్నాడు ఇంటాయన. ఒకేసారి ఏడు రక్తపు ఈకలు మొలుస్తున్న పక్షిని మళ్ళీ ఎవరైనా పట్టుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి అన్నాను.

కుక్క గాట్లు కడిగి, యాంటీబయాటిక్, నొప్పికి మెలోక్సికామ్. పురుగుల మందు కూడా వేద్దామనుకుని ఆగాను. ఫెన్‌బెండజోల్ లాంటివి ఈకలు మొలిచే సమయంలో ఇస్తే వచ్చే ఈకలు చెడిపోయిన సందర్భాలున్నాయి, అవసరం తొందరది కానప్పుడు ఆ రిస్కు ఎందుకు.

అప్పుడు చెప్పిన మాట

రెక్క కడిగిన నీళ్ళు పారబోసి అరుగు మీద కూర్చున్నాను. మళ్ళీ మజ్జిగ వచ్చింది. ఈసారి తాగకముందే చెప్పాను. ‘అమ్మా, జూన్లో నేను చెప్పాల్సిన మాట ఒకటి మింగేశాను. నెమలిని ఇంట్లో ఉంచుకోవడం నేరం. గుడ్లు తేవడం కూడా నేరమే. ఇది ప్రభుత్వం ఆస్తి కింద లెక్క. ఎవరి చేతికైనా వస్తే 48 గంటల్లో పోలీసులకో అటవీ శాఖకో చెప్పి అప్పగించాలి. రెక్కలు కత్తిరించాలా వద్దా అని మనం మాట్లాడుకున్నదంతా అసలు మనది కాని పక్షి గురించి.’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పెద్దావిడ అడిగింది: ‘మరి అప్పుడే చెప్పొచ్చుగా బాబూ?’

జవాబు లేదు నా దగ్గర. ఇంటాయన వేరే దారి ఎత్తాడు, రాత్రికి రాత్రే పడవలో తీసుకెళ్ళి మెట్ట మీద జీడిమామిడి తోటలో వదిలేస్తే ఎవరికీ తెలియదు కదా అని. చాలామందికి వచ్చే ఆలోచనే ఇది, మంచి ఉద్దేశంతోనే వస్తుంది. కానీ అది కుక్కను చూసి పారిపోవడం నేర్చుకోని పక్షి, మనిషి చేతిలో వేరుశనగ గుళ్ళు తినే పక్షి, పైగా ఒక రెక్క లేదు. ఆ తోటలో మొదటి రాత్రి దాటదు. పైగా కోళ్ళ రోగాలు ఏవైనా మోస్తుంటే అక్కడి అడవి నెమళ్ళకు అంటించి వస్తుంది. ఇంకొకరి మాట కూడా వచ్చింది, తెల్ల నెమలిని కొని పెంచుకోవచ్చట కదా అని. తెల్ల నెమలి వేరే జాతి కాదు, మన నెమలికే రంగు లేకుండా పుట్టింది. రాలిన పింఛం ఇంట్లో ఉంచుకోవచ్చు, పక్షిని ఉంచుకోకూడదు, తెలుపైనా నీలమైనా.

రెండో నిర్ణయం నాకు కష్టమైంది. నేనే వెళ్ళి అటవీ శాఖకు చెప్పాలా, వాళ్ళ చేత చెప్పించాలా. నేను చెబితే వాళ్ళు భయపడి నేను వెళ్ళేలోపే పక్షిని మాయం చేస్తారేమోనని అనుమానం, ఊళ్ళో ఇంకెవరూ నన్ను గాయపడ్డ అడవి జీవానికి పిలవరేమోనన్న స్వార్థం కూడా ఉంది. చెప్పకపోతే నేనూ అందులో భాగమే. చివరికి ఇలా అన్నాను: ‘రేపు సాయంత్రం లోపు మీరు చెప్పండి. కాగితం నేను రాసిపెడతా, గుడ్లు ఎలా వచ్చాయో, రెక్క ఎలా తెగిందో ఉన్నదున్నట్టు. చెప్పకపోతే ఎల్లుండి నేను చెబుతా.’ బెదిరింపే, ఒప్పుకుంటాను. జూన్లో ఇదే మాట బెదిరింపు లేకుండా చెప్పగలిగేవాణ్ణి.

మర్నాడు ఆయనే ఫోన్ చేసి అటవీ శాఖ వాళ్ళకు చెప్పాడు. నీళ్ళు తగ్గాక సిబ్బంది వచ్చి పంచనామా రాసి తీసుకెళ్ళారు. తీసుకెళ్ళేటప్పుడు ఒక్క సంగతి పట్టుబట్టాను: పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, పెద్ద అట్టపెట్టెకు చుట్టూ చిల్లులు పెట్టి, లోపల చీకటిగా. జులై ఉక్కలో ఎండెక్కాక పెనుగులాడితే ఇంత పెద్ద పక్షి దారిలోనే పోతుంది. కుటుంబం మీద చట్టపరంగా ఏం జరిగిందో ఇక్కడ రాయను, రాస్తే ఎవరో ఊహించడం తేలిక. పెద్దావిడ మాత్రం పెట్టె మూసేముందు చిన్నోడి నెత్తిన, సగం విరిగిన తురాయి పక్కన, చిటికెడు విభూతి పెట్టింది. సిబ్బందిలో ఒకాయన ఏదో అనబోయి ఊరుకున్నాడు.

తర్వాత తెలిసింది

పీకిన రెండు ఈకలూ అదే ఏడాది వచ్చేశాయట. మొండి పుల్లలు రాలి మిగతావి రావడానికి మరుసటి ఏడాది వానాకాలం పట్టింది. అప్పటికి ఎగరగలుగుతోంది, కానీ మనిషి కనపడితే దగ్గరకు వచ్చేస్తోంది కాబట్టి బయట వదలకుండా పెద్ద ఎన్‌క్లోజర్‌లోనే ఉంచారని విన్నాను. నా లెక్కలో ఇది సగం గెలుపు. కత్తెర వల్ల పోయింది ఒక ఏడాది ఎగురుడే, తిరిగొచ్చింది. గుడ్డు నుంచీ ఇంట్లో పెంచడం వల్ల పోయింది మాత్రం తిరిగిరాలేదు.

ఈ కేసు తర్వాత నేను రెండు పనులు మార్చుకున్నాను. నెమలి, రామచిలక, ఏదైనా షెడ్యూలు పక్షి అని ఫోన్లో వినగానే చట్టం మాట మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పేస్తాను, మజ్జిగ రాకముందే. దెబ్బ తగిలి ఉంటే ప్రాణం నిలిపే పని మాత్రం అడక్కుండా చేస్తాను, అప్పగించే కాగితం కూడా అప్పుడే రాయిస్తాను. రెండోది, వద్దు అని చెప్పాల్సిన చోట ‘ఇప్పుడు వద్దు’ అనడం మానేశాను. రెక్కలు కత్తిరించే పని మానలేదు. గిన్నీ కోళ్ళు ఆఫ్రికా నుంచి వచ్చినవి, టర్కీలు అమెరికా నుంచి, వాటికి ఈ చట్టం అడ్డు లేదు. రాత్రి మూసే గూడు ఉండి, ఈకలు ముదిరి ఉంటే, రెండు రెక్కలకూ సమానంగా, పైన కప్పే చిన్న ఈకలకు కాస్త అవతల కత్తిరిస్తాను.

నిరుడు అదే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. పిల్లలు ఊరుకోకపోతే ఆరు గిన్నీ కోళ్ళు తెచ్చారట, అవి కొబ్బరి చెట్ల మీదకు ఎక్కేస్తున్నాయట.

‘కత్తెర చేతిలోనే ఉందండి, మీరు ఊఁ అంటే కత్తిరించేత్తాను.’

‘ఆగండి. ఒకదాని రెక్క విప్పి వెలుగుకు పెట్టి చూడండి. పుల్ల తెల్లగా ఉందా, నల్లగా ఉందా?’

కాసేపు కోళ్ళ గోల, పిల్లాడి గొంతు.

‘నాలుగు తెలుపండి. ఒకటి నల్లగా ఉందండి, ఆయ్.’

‘అయితే ఇంకో నెల ఆగాలి. కత్తెర లోపల పెట్టేయండి.’

‘పెట్టేశానండి’ అన్నాడు, నేను ఇంకేం చెప్పకముందే.